రాయగడలో నెల్లాళ్ల లాడ్జి బస

ఆఫీసు పనిమీద నెలపాటు ఉండాలంటే ముందు ఒక్క రాత్రికే గది తీసుకోండి. తెల్లారి ఆరింటికి కుళాయి ధార, వేడినీళ్లు చూశాకే నెల బేరం. చెక్‌అవుట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 గంటలకా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

అసలు తంటా ప్లగ్గులతో. మంచం పక్కన సాధారణంగా ఉండేది 6 ఆంప్స్ సాకెట్టే. 1,000 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర 4.3 ఆంప్స్ లాగుతుంది, పర్లేదు. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 8.7 లాగుతుంది, సాకెట్ వేడెక్కి కరగొచ్చు. దానికి 16 ఆంప్స్ పాయింట్ కావాలి, అదేమో గీజరు దగ్గర, బాత్రూంలో! వంట ఆశ వదిలి మెస్‌లో నెలకు మాట్లాడుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 లోపు గదికి జీఎస్టీ 5 శాతం, లాడ్జికి ఇన్‌పుట్ క్రెడిట్ (తన కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) రాదు. బిల్లు కంపెనీ పేరుమీదే ఉండాలని దిగినరోజే చెప్పండి.