మూడు నెలల్లోపు బ్లీడింగ్ కనబడితే ఏం చేయాలె

నెల తప్పి టెస్టుల రెండు గీతలు వచ్చినంక బట్టకు రక్తం అంటితే కాళ్లు చేతులు ఆడయి. మా చెల్లెకు ఏడో వారంల అట్లనే అయింది, అందుకే ఇది రాస్తున్న. మొదటి మూడు నెలల్లో దాదాపు నలుగురిల ఒకరికి ఎంతోకొంత బ్లీడింగ్ కనబడుతది, అండ్ల సగం మందికి పైగా కడుపు నిలబడుతది, స్కానింగ్‌ల గుండె కొట్టుకునుడు కనబడితే ఆ ఆశ ఇంకా ఎక్కువ.

ముందుగాల ప్యాడ్ పెట్టుకోండి, ఎంత పోతుందో లెక్క తెలుస్తది. ఎప్పుడు మొదలైంది, రంగు ఎట్లుంది, గడ్డలు పడ్డయా, నొప్పి ఎక్కడ, ఇవన్నీ ఫోన్‌ల రాసుకోండి. చుక్కలే అయినా ఆ రోజో తెల్లారో డాక్టర్‌కు చూపియ్యాలె. కానీ గంటకో ప్యాడ్ నిండుతున్నా, కడుపుల ఒక దిక్కే గట్టిగ నొప్పి ఉన్నా, భుజం కొసకు నొప్పి లేసినా, కండ్లు తిరిగినా తెల్లారేదాక ఆగొద్దు, 108కి ఫోన్ కొట్టండి. కడుపు గర్భసంచిల కాకుండ పక్కన ట్యూబుల నిలబడితే అది పగిలి రక్తం లోపల్లోపలే పోతది, బయటికి కొంచెమే కనబడొచ్చు, గందుకే అది ప్రాణం మీదికొస్తది. మా దిక్కు అయితే వరంగల్‌ల సీకేఎం ప్రసూతి దవాఖాన, హన్మకొండల ప్రభుత్వ ప్రసూతి దవాఖాన ఉన్నయి.

పోయేటప్పుడు బ్లడ్ గ్రూప్ కాగితం తప్పకుండ పట్టుకపోండి. మా చెల్లెది ఓ నెగెటివ్, మొదలు పోయిన కాడ ఎవ్వరూ అడగలే, నేనే చెప్పిన. నెగెటివ్ అయితే వారాలు, బ్లీడింగ్ చూసి యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి ఒంట్లె బిడ్డ రక్తానికి ఎదురు తిరిగేవి తయారు కాకుండ వేసేది) కావాల్నా అని డాక్టర్ చెప్తరు, వేస్తే మామూలుగ 72 గంటల్లోపు వేస్తరు. ఆరో వారంల గుండె కనబడకపోతే అయిపోయిందనుకోవద్దు, వారం పది రోజులకు మళ్ల స్కానింగ్ చేస్తరు, ఒక్కోసారి 48 గంటల తేడాతో హెచ్‌సీజీ (కడుపుతోని ఉన్నప్పుడు పెరిగే హార్మోన్) రక్తపరీక్ష కూడ రాస్తరు.

ఇంట్ల వాళ్లకు ఒక మాట. బొప్పాయి తిన్నవ్, బిందె ఎత్తినవ్, బతుకమ్మ ఆడినవ్ అని ఆ పిల్లను అనకండి. తొలినెలల్లో పోయే కడుపుల్లో దగ్గర దగ్గర సగం పిండంల క్రోమోజోముల తేడాతోనే పోతయి, రోజులకొద్దీ మంచం మీద పండుకోబెడితే ఆగేది కాదు. ఇంతకుముందు కడుపు దానంతటదే పోయి ఇప్పుడు బ్లీడింగ్ అయితే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మందు పనిచేస్తదా అని డాక్టర్‌ను అడగండి, మెడికల్ షాపుల అడిగి సొంతంగ ఏ గోలీ వేసుకోవద్దు.

బ్లీడింగ్ ఆగి కడుపు నిలబడ్డా, ఎక్కువ పోయినోళ్లకు నెలలు నిండకముందే కాన్పు అయ్యే భయం, బిడ్డ బరువు తగ్గే భయం కొంచెం ఎక్కువ ఉంటది. అందుకే ఏ వారంల ఎంత అయిందో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్యం రాసే కార్డు) మీద రాయించుకోండి, ఆశక్కకు కూడ చెప్పి పెట్టండి.