రెన్యువల్ క్రెడిట్లు ఎట్ల లెక్కపెట్టుకోవాలె: ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, ఇంకా మిగిలినోళ్ల కోసం

మన నల్లగొండ, పాలమూరు నుంచి పోయి హైదరాబాద్ల అమెరికా ప్రాజెక్టులకు డిజైన్ చేసేటోళ్లు, అటే పోయి లైసెన్స్ తెచ్చుకున్నోళ్లు మస్తుమంది ఉన్నరు. ఆ లైసెన్స్‌ను కొన్నేండ్లకొకసారి రెన్యువల్ చేసుకోవాలంటే మధ్యల ఇన్ని గంటలు కొత్తగ చదువుకున్నట్టు చూపించాలె, ఆ గంటలనే క్రెడిట్లు అంటరు. రెన్యువల్ దగ్గరపడ్డంక అందరు అడిగేది ఒకటే, "అన్నా ఏ కోర్సు చేస్తే క్రెడిట్లు వస్తయి" అని. ప్రశ్ననే ఉల్టా ఉన్నది. కోర్సు సంగతి తర్వాత, ముందుగాల మీకు లైసెన్స్ గాని సర్టిఫికెట్ గాని ఇచ్చింది ఎవరో వాళ్ల రూల్ పేజీ తీసి చదవండి, ఎందుకంటే క్రెడిట్ లెక్కలకు వస్తదా రాదా చెప్పేది కోర్సు అమ్మేటోడు కాదు, రెన్యువల్ చేసే బోర్డు.

ముందు ఈ పేర్ల గందరగోళం తేల్చుకుందాం. ఇంజనీర్లకు పీడీహెచ్ అంటరు, అంటే 50 నిమిషాలకు తక్కువ కాకుండ క్లాస్‌ల కూసుంటే ఒకటి. సీఈయూ అని ఇంకోటి ఉంటది, అది ఒకటి అంటే 10 గంటలు, కాబట్టి సర్టిఫికెట్ మీద 0.2 సీఈయూ అని ఉంటే ఇంత తక్కువనా అని పారేయకండి, అది రెండు గంటలు. ఆర్కిటెక్టులకు ఏఐఏ, అంటే అమెరికా ఆర్కిటెక్టుల సంఘం, ఇచ్చేది ఎల్‌యూ, పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉన్నోళ్లకు పీడీయూ, రెండూ గంట లెక్కనే. యూనివర్సిటీ సెమిస్టర్ క్రెడిట్ మాత్రం పెద్దది, అమెరికా ఇంజనీరింగ్ బోర్డులన్నీ కలిసి పెట్టుకున్న ఎన్‌సీఈఈఎస్ నమూనా రూల్ ప్రకారం ఒక్క సెమిస్టర్ క్రెడిట్‌కు 45 పీడీహెచ్.

ఇగ ఎవరికి ఎన్ని. ఎన్‌సీఈఈఎస్ నమూనాల ఇంజనీర్లకు ఏడాదికి 15 పీడీహెచ్ ఉంటది గని అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రం రూల్ ఆ రాష్ట్రానిదే. టెక్సాస్‌ల ఏడాదికి 15, అందుల ఒక గంట ఎథిక్స్ తప్పనిసరి. అదే కాలిఫోర్నియాల ఇంజనీర్లకు ఈ గంటల లెక్కనే లేదు, కాని అక్కడి ఆర్కిటెక్టులకు ప్రతి రెండేండ్లకు వికలాంగుల యాక్సెస్ మీద 5 గంటలు, జీరో నెట్ కార్బన్ డిజైన్ మీద 5 గంటలు ఉన్నయి. ఏఐఏ మెంబర్లకు జనవరి నుంచి డిసెంబర్ లోపల 18 ఎల్‌యూలు, అందుల 12 హెచ్‌ఎస్‌డబ్ల్యూ ఉండాలె, అంటే మనుషుల ఆరోగ్యం, భద్రత, బాగోగులకు సంబంధించినయి. ఏఐఏ మెంబర్‌షిప్ వేరు, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ వేరు, ఒక దాన్ల 18 అయినంత మాత్రాన రెండోది అయినట్టు కాదు, మనోళ్లు దెబ్బతినేది ఎక్కువ ఇక్కడనే. లీడ్ అంటే గ్రీన్ బిల్డింగుల సర్టిఫికెట్, అందుల స్పెషాలిటీతోని లీడ్ ఏపీ ఉన్నోళ్లకు రెండేండ్లకు 30 గంటలు, అందుల 6 లీడ్‌కు సంబంధించినయే, దాని కింది మెట్టు గ్రీన్ అసోసియేట్ అయితే 15, అందుల 3. పీఎంపీకి మూడేండ్లల్ల 60 పీడీయూలు, కనీసం 35 చదువు కింద రావాలె, మిగిలినయి పాఠం చెప్పుడు, వాలంటీర్ పని, మీరు చేసే ఉద్యోగం కింద వేసుకోవచ్చు గని ఉద్యోగానికి 8 దాటి ఇవ్వరు.

ఇదంతా పైసలు గుంజే పని అనుకునేటోళ్లకు ఒక మాట. మన నల్లగొండ నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి అందరికి తెలుసు, వంకరపోయిన కాళ్లు చూసుకుంట పెరిగినోళ్లం. నాగపూర్‌ల ఉన్న నీరి సంస్థోళ్లు 1970లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసిన్రు, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు, ఇప్పటికి ఇంజనీరింగ్ పుస్తకాలల్ల అదే పేరుతోని ఉన్నది. అప్పట్ల అదే గొప్ప. తర్వాత పటిక మోతాదు ఎక్కువైతే నీళ్లల్ల అల్యూమినియం మిగులుతదని, అడుగున పేరుకునే బురద ఎక్కడ పోయాలె అనేది కూడ సమస్యే అని తెలిసొచ్చింది, ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ వచ్చింది, ఆర్‌వో ప్లాంట్లు వచ్చినయి, ఆఖరికి బోరు నీళ్లనే పక్కకుపెట్టి మిషన్ భగీరథల కృష్ణ నీళ్లు పైపులేసి తెచ్చిన్రు. ఒక్క ఇంజనీరు సర్వీసు లోపలనే ఇంత మారింది, డిగ్రీల చదివిన దాని మీదనే ఆగిపోయినోడు ఏం సలహా ఇస్తడు? భూకంపాల కోడ్ ఐఎస్ 1893 తీసుకున్నా అంతే, 2002ల వచ్చిన దాంతోని చదువుకున్నోళ్లు 2016ల వచ్చిన దాన్ని మళ్ల కూసొని చదవాల్సి వచ్చింది. అందుకే గంటలు నింపుడే కాకుండ మీరు రోజు చేసే పనికి అక్కరొచ్చే సబ్జెక్టే తీసుకోండి, ఎట్లాగు కూసుంటున్నరు కదా.

కోర్సు ఎంచుకునేటప్పుడు చూడాల్సినయి. సిమెంట్, గ్లాస్, వాటర్‌ప్రూఫింగ్ కంపెనీలు పెట్టే వెబినార్లు చాలవరకు ఫ్రీ, ఏఐఏ అప్రూవ్ చేసినయి అయితే పాఠం నడిచేటప్పుడు సొంత ప్రొడక్టు అమ్ముకోవద్దు అనే రూల్ కూడ ఉంటది, కాబట్టి ఫ్రీ అని చిన్నచూపు వద్దు. లైవ్‌ల కూసుందామంటే టైమ్ చూసుకోండి, అమెరికా ఈస్టర్న్ మధ్యాహ్నం 1 గంట అంటే మనకు ఎండకాలంల రాత్రి 10:30, చలికాలంల 11:30. మధ్యల పోల్ ప్రశ్నలు అడుగుతరు, జవాబు ఇయ్యకుంటే లేనట్టే లెక్క, మిర్యాలగూడ దిక్కు పోయినప్పుడు కరెంటు, నెట్ నమ్ముకొని లైవ్‌ల కూసునుడు నేనైతే చెప్ప. రికార్డు చేసినయి ఎప్పుడన్నా చూడొచ్చు, చివర్ల క్విజ్ పాసైతే సరిపోతది, కాని కొన్ని బోర్డులు ఇన్ని గంటలు లైవే ఉండాలె అంటయి, అది ముందే చూడాలె. ఇంకోటి, పాఠం వినుడే కాదు చెప్పుడు కూడ లెక్కకొస్తది, ఎన్‌సీఈఈఎస్ నమూనాల మొదటిసారి చెప్పిన క్లాసుకు డబుల్ గంటలు ఇస్తరు, పేపర్ అచ్చయినా పేటెంట్ వచ్చినా ఇస్తరు.

సర్టిఫికెట్ రాంగనే అదే రోజు ఒక ఫోల్డర్‌ల వేసుకోండి. దాని మీద మీ పేరు, కోర్సు పేరు, ఇచ్చిన సంస్థ పేరు, తేదీ, ఎన్ని గంటలు, హెచ్‌ఎస్‌డబ్ల్యూ అయితే ఆ మాట, ఇవన్నీ ఉన్నయా చూడండి. పేరు దగ్గర మనోళ్లకు పెద్ద చిక్కు, లైసెన్స్‌ల ఇంటిపేరు చివర్ల, జూమ్ అకౌంట్‌ల ఇంటిపేరు ముందు, ఇంకో దగ్గర ఒట్టి ఇనిషియల్, రేపు బోర్డోళ్లు ఆడిట్ చేసి సర్టిఫికెట్లు చూస్తే ఇది మీరేనా అని అడుగుతరు. లైసెన్స్ మీద ఎట్ల ఉంటే రిజిస్టర్ చేసేటప్పుడు అట్లనే కొట్టండి. సంస్థ వెబ్‌సైట్‌ల మీరు చేసిన కోర్సుల లిస్టు, ట్రాన్స్‌క్రిప్ట్ అంటరు, ఉంటది కదా అని దాని మీదనే ఆధారపడొద్దు. ఎన్నేండ్లు దాచాలె అనేది బోర్డును బట్టి మారుతది, ఆరేండ్లు దాచుకుంటే నిమ్మళం.

మన దగ్గర సంగతి. దేశం మొత్తానికి ఇంజనీర్ లైసెన్స్ చట్టం లేదు, ఆర్కిటెక్టులకు 1972 చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఉన్నది. మిగిలిన వృత్తులల్ల మాత్రం గంటలు ఉన్నయి. డాక్టర్లకు ఐదేండ్లకు 30, నర్సులకు ఐదేండ్లకు 150, టీచర్లకు కొత్త విద్యా విధానం ఏడాదికి 50 గంటలు అంటది. ఇంట్ల నర్స్ చెల్లెలో టీచర్ వదినో ఉంటే వాళ్లకు కూడ పద్ధతి ఇదే, ముందు కౌన్సిల్ రూల్, తర్వాత కోర్సు.

గంటలు తక్కువ పడ్డయనుకోండి, రెన్యువల్ ఫారంల అయినయి అని టిక్ పెట్టకండి. అబద్ధం రాసినట్టు తేలితే గంటలు తక్కువైన దానికంటె పెద్ద కేసు అయితది. బోర్డుకు మెయిల్ పెట్టి గడువు అడగొచ్చు, అనారోగ్యం, మిలిటరీ డ్యూటీ లాంటి వాటికి మినహాయింపులు కూడ కొన్ని చోట్ల ఉన్నయి. అమెరికా నుంచి వాపస్ వచ్చి ఇక్కడనే స్థిరపడి ఇగ డ్రాయింగుల మీద సీల్ వేసే పని లేదు అనుకునేటోళ్లు లైసెన్స్‌ను ఇనాక్టివ్ చేసుకోవచ్చు, టెక్సాస్‌ల అట్ల పెట్టుకుంటే ఏటేటా గంటలు అక్కర్లేదు, కాని ఆ టైమ్‌ల సంతకం, సీల్ రెండూ బంద్, మళ్ల యాక్టివ్ చేయాలంటే ముందు గంటలు చూపించాలె.