ఓపీటీ దరఖాస్తులో తేదీల లెక్క

అమెరికాలో ఎఫ్‌-1 వీసాపై చదువుకునే విద్యార్థి, కోర్సు ముగిశాక తన చదువుకు సంబంధించిన ఉద్యోగాన్ని 12 నెలల వరకు చేయడానికి పొందే అనుమతిని ఓపీటీ అంటారు. కనీసం ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివినవారే దీనికి అర్హులు. చదువు మధ్యలో అదే స్థాయిలో 12 నెలలు లేదా అంతకు మించి ఫుల్‌టైమ్ సీపీటీ (చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ) వాడుకున్నవారు ఆ అర్హతను కోల్పోతారు.

ముందుగా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాలి. అక్కడ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓ, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ సెవిస్‌లో సిఫార్సు నమోదు చేసి కొత్త ఐ-20 (విద్యార్థి అర్హత పత్రం) ఇస్తారు. దానిపై సంతకం చేసి, పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించినట్టు చూపే రికార్డు) ప్రతులు, ఫొటో, రుసుముతో ఐ-765 అనే పని అనుమతి దరఖాస్తును (సి)(3)(బి) కేటగిరీ కింద అమెరికా ఇమిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఆన్‌లైన్‌లో గానీ తపాలాలో గానీ పంపాలి.

ఎక్కువమంది తడబడేది తేదీల దగ్గరే. కోర్సు ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తర్వాత 60 రోజుల వరకు దరఖాస్తు తీసుకుంటారు. ఉదాహరణకు, లీపు సంవత్సరం కాని ఏడాదిలో కోర్సు మే 10న ముగిస్తే గడువు ఫిబ్రవరి 9న మొదలై జులై 9తో ముగుస్తుంది. అయితే డీఎస్‌ఓ సిఫార్సు నమోదైన 30 రోజుల్లోపు దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కు చేరాలన్న నిబంధన కూడా ఉంది. జులై దాకా సమయముందన్న ధీమాతో ఐ-20ని పక్కన పెట్టేసినవారి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, కట్టిన రుసుమూ తిరిగి రాదు.

ఉద్యోగం మొదలుపెట్టే తేదీని కూడా కోర్సు ముగిసిన 60 రోజుల్లోపే ఎంచుకోవాలి. పని అనుమతి పత్రమైన ఈఏడీ కార్డులో ఉన్న ప్రారంభ తేదీ నుంచి నిరుద్యోగ దినాల లెక్క మొదలవుతుంది, అవి మొత్తం 90 దాటకూడదు. కాబట్టి చేతిలో ఆఫర్ లేనివారు తొందరపడి ముందు తేదీ కోరుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. వారానికి కనీసం 20 గంటల పని ఉంటేనే ఉద్యోగంలో ఉన్నట్టు లెక్క. నిరుద్యోగ దినాలు పెరగకుండా లేని ఉద్యోగాన్ని కాగితంపై చూపిస్తామనే కన్సల్టెన్సీలను నమ్మితే వీసా హోదాకే ముప్పు.

కార్డు చేతికి రాకముందు, అందులోని తేదీకి ముందు పనిలో చేరకూడదు. చిరునామా, యజమాని వివరాలు మారితే 10 రోజుల్లోపు తెలియజేయాలి.

స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులు చదివినవారు మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు. అందుకు యజమాని, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళికగా ఐ-983 పూర్తి చేయాలి. మొదటి ఓపీటీ ముగిసేలోపే ఈ దరఖాస్తు చేరితే, నిర్ణయం వచ్చేవరకు గరిష్ఠంగా 180 రోజులు ఉద్యోగంలో కొనసాగవచ్చు.