జనాభా లెక్కలు చదవడం – 4వ పాఠం: పిల్లల వరుస విడదీయండి

గత పాఠంలో ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమంది మగవాళ్లకు ఎంతమంది ఆడవాళ్లు? జవాబులు 992, 993, 943, 995 అని రకరకాలుగా వచ్చాయి. ఇవాళ అక్షరాస్యత మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ చిక్కు తీరకుండా ముందుకెళ్తే లాభం లేదు.

992 రాసినవాళ్లది లెక్క తప్పు కాదు, కాగితం పాతది. 2011 మార్చి 31న వచ్చినవి తాత్కాలిక లెక్కలు, వాటిలో 992. తుది లెక్కల్లో 993. ఇక 943 రాసినవాళ్లు రెండు రకాలుగా పొరబడి ఉండొచ్చు. దేశం మొత్తం తుది నిష్పత్తి 943. మన రాష్ట్రంలో, అంటే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఆరేళ్లలోపు పిల్లల తాత్కాలిక నిష్పత్తి కూడా 943. అదే తుది లెక్కల్లో 939 అయింది. అందుకే ఏ అంకె రాసినా పక్కన నాలుగు మాటలు రాసుకోండి: ఏ ఏడాది, ఏ ప్రాంతం, ఏ వయసు, తాత్కాలికమా తుదా. నేను ఇప్పటికీ పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకుంటాను.

995 ఎలా వచ్చిందో అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. జిల్లాల నిష్పత్తులు తీసుకుని, కూడి, జిల్లాల సంఖ్యతో భాగించారు. దయచేసి ఈ పని ఇంకెప్పుడూ చేయకండి. పత్రికల్లో కూడా ఈ తప్పు కనిపిస్తూనే ఉంటుంది, కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

రెండే జిల్లాలతో చూద్దాం. హైదరాబాద్‌లో మగవాళ్లు 20,18,575, ఆడవాళ్లు 19,24,748. నిష్పత్తి 954. నిజామాబాద్‌లో మగవాళ్లు 12,50,641, ఆడవాళ్లు 13,00,694. నిష్పత్తి 1040. ఈ రెండింటి సగటు 997. ఇప్పుడు అసలు పద్ధతిలో చేయండి. మగవాళ్లందరినీ కలిపితే 32,69,216, ఆడవాళ్లందరినీ కలిపితే 32,25,442. భాగిస్తే 987. రెండు జిల్లాలతోనే పది తేడా వచ్చింది.

ఎందుకు వచ్చింది? సగటు తీసినప్పుడు మీరు హైదరాబాద్‌నూ నిజామాబాద్‌నూ సమానంగా తూచారు. కానీ హైదరాబాద్‌లో జనం ఎక్కువ, కాబట్టి తక్కువ నిష్పత్తి ఉన్న వైపే బరువు ఎక్కువ. ఇంకా నమ్మకం కుదరకపోతే రెండు వీధులు ఊహించుకోండి. ఒక వీధిలో 10 మంది మగవాళ్లు, 20 మంది ఆడవాళ్లు, నిష్పత్తి 2000. పక్క వీధిలో 1000 మంది మగవాళ్లు, 900 మంది ఆడవాళ్లు, నిష్పత్తి 900. సగటు తీస్తే 1450, అంటే ఊరంతా ఆడవాళ్లే ఎక్కువ అన్నట్టు! మనుషుల్ని లెక్కపెడితే 1010 మంది మగవాళ్లు, 920 మంది ఆడవాళ్లు. నిష్పత్తి 911. మనుషుల్ని కూడాలి, నిష్పత్తుల్ని కూడకూడదు. జిల్లాలకైనా మండలాలకైనా వార్డులకైనా ఇదే.

సరే, ఇవాళ్టి పాఠం.

మన రాష్ట్రం తుది అంకెలు: మగవాళ్లు 4,24,42,146, ఆడవాళ్లు 4,21,38,631. నేను నేరుగా భాగించను. ముందు తేడా తీస్తాను: 3,03,515. ఇది మగవాళ్ల సంఖ్యలో వెయ్యికి ఏడు. వెయ్యిలోంచి ఏడు తీసేస్తే 993. కాలిక్యులేటర్ లేకపోయినా పని అవుతుంది. పైగా ఆ తేడా కళ్లముందే ఉంటుంది, ఇవాళ మనకు కావలసింది అదే.

993 చూసి చాలామంది సంతోషించారు. దేశానికి 943, మనకు 993, మనం నయమే కదా అని. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత అదే పట్టికలో పక్క గడులు చూశాను. 0–6 ఏళ్ల మగపిల్లలు 47,14,950, ఆడపిల్లలు 44,27,852. తేడా 2,87,098.

ఒకసారి ఆగి ఈ రెండు తేడాలనూ ఒకదాని కింద ఒకటి రాయండి. రాష్ట్రం మొత్తంలో తగ్గిన ఆడవాళ్లు 3,03,515. అందులో ఆరేళ్లలోపు వాళ్లే 2,87,098. మిగిలింది 16,417. అంటే ఏడేళ్లు దాటినవాళ్లలో 3,77,27,196 మంది మగవాళ్లు, 3,77,10,779 మంది ఆడవాళ్లు. దాదాపు వెయ్యికి వెయ్యి. పెద్దవాళ్లలో తేడా లేనట్టే. లోటంతా చిన్నపిల్లల దగ్గరే పోగుపడింది. 993 అనే ఒక్క అంకె చూసుకుని కూర్చుంటే ఇది ఎప్పటికీ కనిపించదు.

అయితే 2,87,098 మంది ఆడపిల్లల్నీ కడుపులోనే చంపేశారని రాయకండి. అదీ తప్పే. పుట్టుకలోనే మగపిల్లలు కొంచెం ఎక్కువ. ఎవరూ జోక్యం చేసుకోకపోయినా వెయ్యిమంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు పుడతారు. తర్వాత వయసు పెరిగేకొద్దీ మగవాళ్లు ఎక్కువమంది పోతారు, ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు, తేడా పూడుతుంది. కాబట్టి పిల్లల నిష్పత్తిని వెయ్యితో పోల్చకూడదు, 950తో పోల్చాలి. 47,14,950 మంది మగపిల్లలకు 950 చొప్పున 44,79,000 మందికి పైగా ఆడపిల్లలు ఉండాలి. ఉన్నది 44,27,852. సుమారు 51 వేలమంది తక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ 51 వేలంటే ఒక చిన్న పట్టణం.

పాత లెక్కలు కూడా పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా దిగులు వేస్తుంది. రాష్ట్రం మొత్తం నిష్పత్తి 1991లో 972, 2001లో 978, 2011లో 993. పైకి పోతోంది. అవే ఏళ్లలో పిల్లల నిష్పత్తి 975, 961, 939. కిందికి జారుతోంది. లింగ నిర్ధారణను నిషేధించిన చట్టం 1994లోనే వచ్చింది. 2001 పిల్లల్లో ఎక్కువమంది, 2011 పిల్లల్లో అందరూ ఆ తర్వాత పుట్టినవాళ్లే.

ఇక నిజామాబాద్ 1040 సంగతి. అక్కడ ఆడపిల్లల్ని బాగా చూసుకుంటారు కాబట్టే అంత నిష్పత్తి అని ఒకరు రాశారు. 2011 ఫిబ్రవరిలో నేను ఆ జిల్లాలోనే ఒక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాశాను. ఒక ఇంట్లో పెద్దావిడ మంచం మీద కూర్చుని బీడీలు చుడుతోంది. నేను పేర్లు రాసుకుని లేవబోతుంటే చేతిలో ఆకు పక్కన పెట్టి అడిగింది: “మా పిలగాని పేరు రాయవా సారూ?” ఎక్కడున్నాడమ్మా అన్నాను. “దుబాయ్‌ల. ఏడాదిన్నరాయె. ఇల్లు ఆయనదే గదా.” ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఒక్కరోజు కూడా ఇంట్లో లేనివాళ్లను ఆ ఇంట్లో రాయకూడదన్నది నియమం. ఎంత చెప్పినా ఆవిడ మనసు ఒప్పుకోలేదు. నా ఫారంలో ఆ ఇంట్లో అత్త, కోడలు, మనవరాలు, మనవడు. ముగ్గురు ఆడవాళ్లు, ఒక్క మగవాడు. గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లు ఇలా ఎన్ని ఉంటే నిష్పత్తి అంత పెరుగుతుంది.

దీనికి అద్దం తిప్పి చూస్తే డామన్ డయ్యూ. 2011లో అక్కడ నిష్పత్తి 618. ఫ్యాక్టరీల్లో పనికి మగవాళ్లు ఒంటరిగా వచ్చి ఉంటారు. కానీ అక్కడ పిల్లల నిష్పత్తి 904. వలస వచ్చినవాళ్లు పిల్లల్ని వెంట తేలేదు కాబట్టి పిల్లల వరుస మీద వలస ప్రభావం తక్కువ. పిల్లల్ని విడదీయమని నేను పట్టుబట్టడానికి ఇదో కారణం. అయినా 904 కూడా 950 కంటే బాగా తక్కువే, మర్చిపోకండి.

రెండు చిన్న విషయాలు. 2011లో మొదటిసారి ఆడ, మగ కాకుండా ‘ఇతరులు’ అని నమోదు చేసుకునే వీలిచ్చారు, కానీ ఈ పట్టికల్లో వాళ్లను పురుషుల వరుసలోనే కలిపారు. ఇంకోటి, విదేశీ పట్టికలు చూసేవాళ్లు జాగ్రత్త. చాలా దేశాల్లో వందమంది ఆడవాళ్లకు ఎంతమంది మగవాళ్లు అని రాస్తారు. మన కేరళ 1084 వాళ్ల లెక్కలో 92 అవుతుంది. 92 చూసి ఆడవాళ్లు తక్కువ అనుకునేరు.

అభ్యాసం. దేశం మొత్తానికి ఇదే తీసివేత చేయండి. మగవాళ్లు 62,32,70,258, ఆడవాళ్లు 58,75,84,719. 0–6 మగపిల్లలు 8,57,52,254, ఆడపిల్లలు 7,87,62,999. ఏడేళ్లు దాటినవాళ్ల నిష్పత్తి 947 రావాలి. మన రాష్ట్రంలో లోటు దాదాపు అంతా పిల్లల దగ్గరే ఉంది, దేశంలో మాత్రం ఐదో వంతే. ఎందుకో ఒక పేజీ రాయండి. తొందరపడకండి, దీనికి రెండు మూడు రోజులు పడుతుంది.

తర్వాత సెన్సస్ వెబ్‌సైట్‌లో మీ ఊరి పట్టిక తెరిచి పిల్లల రెండు గడులు కాగితం మీద రాసుకోండి. ఊళ్లో మగపిల్లలు 23, ఆడపిల్లలు 17 అని ఉంటే 739 అని రాసి ఊరిమీద నింద వేయకండి. ఇద్దరు పిల్లలు అటూ ఇటూ అయితే ఆ అంకె 900 దాటుతుంది. మండలం మొత్తం పిల్లల్ని కూడి అప్పుడు భాగించండి. కూడాల్సింది పిల్లల్ని, ఊళ్ల నిష్పత్తుల్ని కాదు.