ర్యామ్ వేశాక స్క్రీన్ రావడం లేదా? ర్యామ్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

"మామా, కొత్త ర్యామ్ వేశా, కంప్యూటర్ చచ్చిపోయింది" అని మా అక్క కొడుకు బైరాగిపట్టెడ నుంచి ఫోన్ చేశాడు. ఉన్న 8 జీబీకి తోడు ఇంకో 8 జీబీ కొని, వీడియో చూసి తనే పెట్టుకున్నాడు. నేను తిరుపతిలో ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చేలోపు, వెనక్కిచ్చేద్దామని డబ్బా కూడా సర్దేసి పెట్టాడు. తీరా చూస్తే ర్యామ్‌కి ఏమీ కాలేదు.

సమస్య: ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ రాదు. లేదా బీప్ బీప్ అని ఆగకుండా అరుస్తుంది.

కారణం: ఎక్కువసార్లు ర్యామ్ స్లాట్‌లో పూర్తిగా దిగకపోవడమే. వాడిది అదే. ఆ మదర్‌బోర్డులో స్లాట్‌కి ఒక్క పక్కే లాక్ ఉంది. లాక్ ఉన్న వైపు టక్‌మని పడింది కాబట్టి అయిపోయిందనుకున్నాడు. టార్చ్ వేసి చూస్తే రెండో చివర గోరు మందం పైకి లేచి ఉంది.

పరిష్కారం: ప్లగ్ పీకేయండి. పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ని పడుకోబెట్టి, రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోవాలి. ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగు పిన్నులను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి దులిపేయండి. స్లాట్‌లో దుమ్ముంటే బ్రష్ వాడండి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. రెండు చివర్లా బొటనవేళ్లు పెట్టి సమానంగా నొక్కండి. మొదటిసారి నొక్కేవాళ్లకి బోర్డు విరిగిపోతుందేమో అని టెన్షన్ వస్తుంది. నిజమే, కాస్త బలం పడుతుంది.

ర్యామ్‌లో కొత్త రకమైన డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట. మధ్యలో ఆపెయ్యకండి.

సమస్య: ఎంత నొక్కినా స్లాట్‌లోకి పోవడం లేదు.

తిప్పి పెట్టి చూడండి. అప్పటికీ పిన్నుల మధ్య ఉన్న గాడి స్లాట్‌తో కలవకపోతే రకం తప్పు, ఇంక నొక్కకండి. డీడీఆర్3కి 240 పిన్నులు. డీడీఆర్4కీ, డీడీఆర్5కీ 288 చొప్పున ఉన్నా గాడి వేరే చోట ఉంటుంది. కొనే ముందే పాత ర్యామ్ స్టిక్కర్ చదవాల్సింది: పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. షాపుకి ఆ ముక్కనే జేబులో వేసుకెళ్లడం ఇంకా మంచిది.

సమస్య: 16 జీబీ వేస్తే 8 జీబీయే చూపిస్తోంది.

ఒక ముక్క సరిగ్గా కూర్చోలేదేమో ముందు చూడండి. అది బాగుంటే విండోస్ సెర్చ్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని కొట్టి తెరిచి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ మెమరీకి టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. ఎంత వేసినా 4 జీబీ కూడా దాటకపోతే మీది 32 బిట్ విండోస్ అయ్యుండొచ్చు, అది అంతకు మించి వాడుకోలేదు. అదే అయితే 64 బిట్‌కి మారాల్సిందే.

స్పీడ్ తక్కువ చూపిస్తే కంగారు అక్కర్లేదు. 2666 స్పీడ్ ముక్కతో 3200 స్పీడ్‌ది కలిపితే రెండూ 2666లోనే నడుస్తాయి.

సమస్య: ఆన్ అవుతుంది, కానీ ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది.

ఇక్కడ మాత్రం ర్యామ్‌ని అనుమానించొచ్చు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. మన దగ్గర ఎండాకాలం రాత్రి కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ మీద పెట్టుకోండి. ఎర్రర్ వస్తే ఒక్కో ముక్కనీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి. ఒక ముక్కకే ఎర్రర్ వస్తే అది పోయినట్టు. బిల్లు తీసుకుని షాపుకి బయల్దేరండి. రెండిటికీ వస్తే అవే ముక్కలను ఇంకో స్లాట్‌లో పెట్టండి. అక్కడ రెండూ బాగా నడిస్తే తేడా మొదటి స్లాట్‌ది, ర్యామ్ మారిస్తే పోదు.