మీ వెబ్ సర్వీస్ నుంచి వెబ్‌హుక్‌లు పంపడం ఎలా

ఆర్డర్ కదిలిందా అని క్లయింట్లు నిమిషానికోసారి మీ ఏపీఐని అడుగుతుంటే, చాలాసార్లు వాళ్లకు దొరికేది "ఇంకా లేదు" అన్న జవాబే. మార్పు జరిగినప్పుడు మీరే వాళ్ల యూఆర్ఎల్‌కు పోస్ట్ రిక్వెస్ట్‌తో కబురు పంపితే అది వెబ్‌హుక్. సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో నడిచే పాత వెబ్ సర్వీస్ పద్ధతి) కాలంలో ఇదే పనికి డబ్ల్యూఎస్-ఈవెంటింగ్, డబ్ల్యూఎస్-నోటిఫికేషన్ అని రెండు ప్రమాణాలు వచ్చాయి. పాత సోప్ వ్యవస్థతో మాట్లాడాల్సిన అవసరం ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లకండి.

పంపడం తేలికే. దారిలో పోగొట్టకుండా పంపడమే కష్టం. ఆర్డర్ సేవ్ చేసిన ఫంక్షన్‌లోనే పోస్ట్ కొట్టేస్తే ఇబ్బంది రెండు వైపులా వస్తుంది. కమిట్ అయ్యాక, అంటే డేటాబేస్‌లో మార్పు ఖాయమయ్యాక, ప్రాసెస్ పడిపోతే ఈవెంట్ గల్లంతు. పోస్ట్ వెళ్లాక ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే, అంటే ఆ మార్పు రద్దయితే, జరగని సంగతి చాటినట్టు. పైగా అవతలి సర్వర్ నిదానిస్తే మీ ఏపీఐ కూడా నిదానిస్తుంది.

అందుకే ఆర్డర్ మార్పు, ఈవెంట్ వరుస (రో) రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో డేటాబేస్‌లోకి వెళ్లాలి. ఈవెంట్ల టేబుల్‌లో ఐడీ, రకం, ఏ ఆర్డర్, ఆ ఆర్డర్ వెర్షన్ నంబర్, జరిగిన సమయం, సందేశం ఉంచండి. డెలివరీల టేబుల్ వేరు: ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో చందాదారుడి (వెబ్‌హుక్ కోసం యూఆర్ఎల్ ఇచ్చిన క్లయింట్) పేరిట ఒక వరుస, అందులో ఎన్ని ప్రయత్నాలయ్యాయి, తర్వాతిది ఎప్పుడు, చివరి స్టేటస్ కోడ్ ఎంత అన్నవి. పోస్ట్‌గ్రెస్ వాడితే వర్కర్లు (ఆ వరుసలు తీసి సందేశాలు పంపే ప్రాసెస్‌లు) ఒకే వరుస కోసం కొట్టుకోకుండా 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్‌డ్' చూసుకుంటుంది. లాక్ పట్టుకుని నెట్‌వర్క్ కాల్ మాత్రం చేయకండి. తర్వాతి ప్రయత్నాన్ని 60 సెకన్లు వాయిదా వేసి, కమిట్ చేసి, ఆ తర్వాతే పంపండి. వర్కర్ మధ్యలో చచ్చినా, గడువు తీరగానే ఇంకొకటి ఆ వరుసను అందుకుంటుంది.

సందేశం ఆకారానికి కొత్త పద్ధతి కనిపెట్టక్కర్లేదు. ఈవెంట్ సందేశాలకున్న క్లౌడ్‌ఈవెంట్స్ ప్రమాణం తప్పనిసరి అనే నాలుగు ఫీల్డులు, అంటే ఐడీ, సోర్స్, స్పెక్‌వెర్షన్, టైప్, చాలావరకు సరిపోతాయి. లోపల ఆర్డర్ మొత్తాన్ని కుక్కకుండా దాని ఐడీ, వెర్షన్ పంపితే మేలు. మళ్లీ మళ్లీ ప్రయత్నించే వ్యవస్థలో ఈవెంట్ల వరుసక్రమం నిలవదు. 'డెలివరీ అయింది' ముందు చేరి, 'బయల్దేరింది' తర్వాత చేరవచ్చు. అందుకున్నవాళ్లు తమ దగ్గరున్న దానికన్నా పాత వెర్షన్‌ను పక్కనపెట్టి, తాజా వివరం ఏపీఐ నుంచే తెచ్చుకుంటారు.

ప్రతి చందాదారుడికీ 32 బైట్ల యాదృచ్ఛిక రహస్య కీ ఇవ్వండి. ఈవెంట్ ఐడీ, టైమ్‌స్టాంప్, బాడీ మూడింటినీ చుక్కలతో కలిపి ఆ కీతో హెచ్‌మ్యాక్ షా-256 సంతకం తీసి, ఐడీ, టైమ్‌స్టాంప్, సంతకం మూడూ హెడర్లలో పెట్టండి. ప్రతి ప్రయత్నానికీ టైమ్‌స్టాంప్ కొత్తది, ఐడీ మాత్రం అదే. 5 నిమిషాలు దాటిన టైమ్‌స్టాంప్‌ను అవతలివాళ్లు తోసిపుచ్చాలి. 'సంతకం కలవడం లేదు' అని ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది కీని కాదు. ఫ్రేమ్‌వర్క్ జేసన్‌ను విప్పి మళ్లీ కట్టిన బాడీ మీద వాళ్లు సంతకం లెక్కిస్తుంటారు. ఒక్క ఖాళీ మారినా పోలిక పోతుంది. తెలుగు పేరున్న బాడీ అయితే మరీను, పైథాన్ జేసన్ లైబ్రరీ మామూలు సెట్టింగ్‌లో తెలుగు అక్షరాలను బ్యాక్‌స్లాష్ కోడ్లుగా మార్చేస్తుంది. వచ్చిన బైట్లను వచ్చినట్టే లెక్కకు వాడమని డాక్యుమెంట్‌లో మొదటి పేజీలోనే రాయండి.

టైమౌట్ 10 సెకన్లు చాలు. 200ల కోడ్లే విజయం. రీడైరెక్ట్‌ల వెంట వెళ్లకండి. 410 (ఆ చిరునామా ఇక లేదు) వస్తే ఆ చందా ఆపేయండి, 429 (మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు) వస్తే రిట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగండి. మిగతా వైఫల్యాలకు 1, 5, 30 నిమిషాలు, ఆపై 2, 6, 12, 24 గంటల విరామాలు పెడితే దాదాపు 45 గంటల పాటు ప్రయత్నించినట్టవుతుంది. శని, ఆదివారాల్లో పడిపోయిన సర్వర్‌కు ఇది కొంచెం చాలకపోవచ్చు, చివర ఇంకో 24 గంటలు కలపవచ్చు. ప్రతి విరామాన్నీ 20 శాతం వరకు అటూ ఇటూ జరపండి, లేకపోతే కోలుకుంటున్న సర్వర్ మీద అన్నీ ఒకేసారి విరుచుకుపడతాయి. అప్పటికీ చేరనివాటిని 30 రోజులు ఉంచి, మళ్లీ పంపే బటన్ ఇవ్వండి.

ఒక్క చందాదారుడి మొండి సర్వర్ అందరినీ ముంచగలదు. 20 వర్కర్లూ 10 సెకన్ల టైమౌట్‌లో ఇరుక్కుంటే సెకనుకు కదిలేవి 2 సందేశాలే. ఒక్కో యూఆర్ఎల్‌కు ఏకకాలంలో 2 కాల్స్ మించనివ్వకండి.

యూఆర్ఎల్ ఇచ్చేది పరాయివాళ్లని మరవకండి. 127.0.0.1 (మీ సర్వర్ తనకు తాను), 10తో మొదలయ్యే లోపలి చిరునామాలు, క్లౌడ్ మెటాడేటా ఉండే 169.254.169.254 ఇస్తే మీ సర్వరే మీ గుట్టు విప్పుతుంది. పేరును ఐపీగా మార్చి, లోపలి చిరునామా కాదని తేలాక, తనిఖీ చేసిన ఆ ఐపీకే కనెక్ట్ అవ్వండి. చందా రోజున చూసి వదిలేస్తే డీఎన్ఎస్ తర్వాత మారిపోవచ్చు.

విడుదలకు ముందు ఒక పరీక్ష: అవతలి సర్వర్ 200 ఇచ్చాక, మీరు దాన్ని టేబుల్‌లో నమోదు చేసేలోపు వర్కర్‌ను బలవంతంగా చంపండి. అదే ఐడీతో సందేశం రెండోసారి చేరితే మీ వైపు అంతా సరిగ్గా ఉన్నట్టే. అవతలివాళ్లు ఐడీ మీద యూనిక్ ఇండెక్స్ పెట్టుకుంటే రెండోది దానంతటదే ఆగుతుంది. అసలు చేరకపోతే, పంపకముందే 'పంపాం' అని ఎక్కడో రాసేస్తున్నారు.