వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి నష్టపరిహారం: ఐసీయూ రోజు నుంచే దాచుకోవాల్సినవి

మా తమ్ముడు బైక్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది, నడుం కింద స్పర్శ పోయింది. మొదటి నెలంతా అప్పుల కోసం తిరగటంతోనే సరిపోయింది, మెడికల్ షాపు బిల్లులు సగం ఎటుపోయాయో ఇప్పటికీ తెలీదు, కోర్టులో మాకు దెబ్బ పడింది అక్కడే. అందుకే రాస్తున్నా.

ముందు ఒక ఫైలు కొనండి. ఎఫ్ఐఆర్, హాస్పిటల్ వాళ్ళ ఎంఎల్‌సీ (ఇది పోలీసు కేసు అని వాళ్ళు రాసే రికార్డు), డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఆర్ఐ, ప్రతి బిల్లు, అంబులెన్స్ రసీదు కూడా అందులో పడాలి. స్టేషన్ నుంచి లారీ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ కాపీలు తీసుకోండి. ఓనర్ వచ్చి యాభై వేలు ఇస్తా రాజీ పడదాం అంటాడు, సంతకం పెట్టొద్దు.

మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు యాక్సిడెంట్ జరిగిన 6 నెలల్లోపు వెయ్యాలి, 2022 ఏప్రిల్ నుంచి ఈ రూలు. గడువు దాటిపోయినా మనమే వదిలేసుకోకుండా లాయర్ని అడగాలి. యాక్సిడెంట్ ఎక్కడో జరిగినా మనం ఉండే చోటే వేసుకోవచ్చు, మంచం మీద మనిషిని పెట్టుకుని ఊరూరూ తిరగక్కర్లేదు. వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా లీగల్ సర్వీసెస్ వాళ్ళు లాయర్ని ఫ్రీగా ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు లెక్క. 28 ఏళ్ళ డ్రైవరు, నెలకి 15,000, సొంతంగా బండి తోలుకునేవాడు అనుకోండి. ఏడాదికి 1,80,000, ముందు ముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలిపితే 2,52,000, ఆ వయసుకి మల్టిప్లయర్ (వయసుని బట్టి ఏడాది సంపాదనని ఎంతతో గుణించాలో చెప్పే అంకె) 17, మొత్తం 42,84,000. వైకల్యం సర్టిఫికెట్‌లో 60 శాతం అని ఉంటే ఇన్సూరెన్స్ లాయరు అందులో 60 శాతమే, అంటే 25,70,400 అంటాడు. కానీ కాళ్ళు కదలనివాడు లారీ ఎలా తోలతాడు? కాగితం మీద శాతం కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. మీ లాయర్‌తో ఇది గట్టిగా చెప్పించండి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టర్‌ని సాక్షిగా పిలిపించాలి కూడా, ఉత్త కాగితం పెడితే అవతలివాళ్ళు ఆడుకుంటారు.

మనిషి తోడు ఖర్చు చాలామంది మర్చిపోతారు. మా అమ్మ రాత్రిళ్ళు అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి లేచి వాడిని పక్కకి తిప్పుతుంది, లేకపోతే పుండ్లు పడతాయి. అమ్మే కదా అని వదిలెయ్యకండి, అదే పని బయటి మనిషి చేస్తే నెలకి ఎంతో ఆ లెక్క అడగండి, 2020లో సుప్రీంకోర్టు కాజల్ కేసులో అటెండర్ ఖర్చుకీ మల్టిప్లయర్ కట్టారు. క్యాథెటర్లు (మూత్రం తీసే గొట్టాలు), డైపర్లు, ఎయిర్ బెడ్, వీల్‌చైర్, ఫిజియోథెరపీ, ఇంటికి ర్యాంపు, అన్నీ రాయించండి.

డబ్బు వచ్చాక రిహాబ్ (మళ్ళీ సొంతంగా పనులు చేసుకోవటం నేర్పే చికిత్స) చూద్దాం అనుకోవద్దు, కేసు ఏళ్ళు పడుతుంది. వెల్లూరు సీఎంసీ హాస్పిటల్‌లో డాక్టర్ మేరీ వర్గీస్ గారి పేరు మీద రిహాబ్ సెంటర్ ఉంది, ఆవిడకి కూడా 1954లో యాక్సిడెంట్‌లో కాళ్ళు పడిపోయాయి, తర్వాత వీల్‌చైర్‌లోనే కూర్చుని ఆపరేషన్లు చేసింది. టైమ్ ప్రకారం మనమే క్యాథెటర్ పెట్టుకోవటం, మంచం మీంచి కుర్చీలోకి జరగటం, ఇవి ఒక్కసారి నేర్చుకుంటే ఇంట్లోవాళ్ళ మీద సగం భారం తగ్గుతుంది.

వైకల్యం సర్టిఫికెట్‌కి (ఆంధ్రలో సదరం, తెలంగాణలో ఇప్పుడు యూడీఐడీ) స్లాట్ బుక్ చేయండి, పెన్షన్‌కీ కోర్టుకీ రెండిటికీ అదే. తెలంగాణలో వికలాంగుల పెన్షన్ 4,016, ఆంధ్రలో 6,000, యాక్సిడెంట్ అయ్యి మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15,000.

మధ్యలో ఇన్సూరెన్స్ వాళ్ళు లోక్ అదాలత్‌లో సెటిల్ చేస్కుందాం అని కబురు పెడతారు. అక్కడ సంతకం పెడితే మళ్ళీ అప్పీలు ఉండదు, కాబట్టి వైకల్యం సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా, పైన చెప్పిన ఖర్చులన్నీ ఒక కాగితం మీద కూడి చూసుకునేదాకా వెళ్ళకండి.